మూడో చొక్కా

మొదటిసారి విదేశం పోవడానికి నేను ఎంచుకున్నది పక్కనే ఉన్న శ్రీలంక. దానికే ఇంట్లో నా ప్రాణం తోడేశారు. విమానంలో చేతిసంచి ఏడు కేజీలు దాటకూడదని ఎన్నిసార్లు చెప్పినా అమ్మ రొయ్యల పచ్చడి సీసాలు బయటికి తియ్యదు. ప్రయాణానికి వారం ముందు, పనిమీద బోగోలు నుంచి నెల్లూరు పోయే బస్సులో కూడా ఫోన్లో అదే గొడవ.

"రెండు చొక్కాలు చాలమ్మా! ఇంక నన్నొదిలెయ్!" అని అరిచి ఫోన్ పెట్టేశాను.

పక్కసీట్లో ఉన్న పెద్దాయన, సముద్రంలో చేపల వేటకు పోయే మనిషి, "యాడికి అబ్బయ్యా?" అన్నాడు. ఇంకో సలహాల మనిషి తగిలాడురా దేవుడా అనుకుంటూ "శ్రీలంక" అన్నాను.

"నేనూ పోయినా."

"పాస్‌పోర్టు ఉందా మీకు?" వెటకారంగానే అడిగాను.

"యాడుంది? నడిసముద్రంలో ఇంజను చెడిపోయింది. పడవ కొట్టుకుపోయి ఆడ తేలినాం. ఒంటిమీద గోచీ తప్ప ఏం లేదు. ఎవరో ఒకాయన తను వేసుకున్న చొక్కా విప్పి నాకు తొడిగినాడు. తిరిగిద్దామంటే ఊరు తెలీదు, పేరు తెలీదు."

నెల్లూరు రాగానే దిగిపోయాడు. సలహా ఒక్కటీ ఇవ్వలేదు.

బయల్దేరే రోజు ఒక పచ్చడి సీసా తీసేసి, కొత్త చొక్కా ఒకటి సంచిలో కుక్కాను. "రెండు చాలన్నావు గదరా!" అంది అమ్మ. విసుక్కున్నాను.

తిరిగొచ్చాక సంచి విప్పింది తనే. "కొత్త చొక్కా అప్పుడే పోగొట్టుకొచ్చినావా?" అని మొదలుపెట్టింది. ఆ చొక్కా అక్కడ ఊరూ పేరూ తెలీని ఒకాయన ఒంటిమీద ఉంది.

ఆ తిట్లకు మాత్రం నాకు విసుగు రాలేదు.