రింగులో నూనె చుక్క

మొన్న ఆదివారం మా వీధి చివర ఫ్లాటులో ఉండే అనంతపురం అబ్బాయి ఒక చిన్న అట్టపెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చాడు. లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఈ మధ్యే లైసెన్సు తీసుకుని, సెలవు రోజుల్లో జింకల వేటకు వెళ్లడం మరిగాడు. మనవాళ్లకు ఇదేం పోయేకాలమని మీరు ముక్కున వేలేసుకుంటే వేసుకోండి, నేనూ వేసుకున్నాను. పెట్టెలో రైఫిల్ మీద గురిచూసే దుర్భిణీని, అదే స్కోపును, కదలకుండా పట్టి ఉంచే రెండు రింగులున్నాయి. రైఫిల్ మాత్రం తేలేదు. లైసెన్సు లేని నాబోటివాళ్ల చేతికి అది ఇవ్వకూడదు.

"ఆంటీ, మీరు గన్ షాపులో పని చేస్తాంటిరంట గదా, ఇవి సరిపోతాయో లేదో చూడండాంటీ. రివ్యూలన్నీ చదివే ఆర్డర్ పెట్టినా" అన్నాడు. చూశాను. స్కోపు గొట్టానికి కొలత సరిపోయింది కానీ రింగులు మరీ ఎత్తు. ఇంత ఎత్తున స్కోపు పెడితే చెంప తుపాకి వెనక కర్రకు ఆనదు నాయనా, తల గాల్లో వేలాడుతుంది, అలా కొట్టిన దెబ్బ ఎక్కడ తగులుతుందో దేవుడికే తెలియాలి అన్నాను. రిటర్న్ పెట్టేస్తానని నవ్వుతూ ఫోన్ తీశాడు. వాడు వెళ్లాక నా టీ చల్లారిపోయేదాకా వంటింటి బల్ల దగ్గరే కూర్చుండిపోయాను.

ఇరవై ఏళ్లు దాటిపోయింది. మా ఆయన ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి, లీడ్స్‌లో అద్దెలకు జడిసి, ఊరికి దూరంగా ఒక చిన్న సంతపట్నంలో తుపాకుల కొట్టు మీది ఫ్లాటులో దిగాం. మా నాన్న తెనాలిలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. బడి నుంచి రాగానే ఆయన పక్కన కూర్చుని స్క్రూలు విప్పడం, బిగించడం నా ఆట. ఒకసారి కొట్టు యజమాని భార్య పాడైన తన కుట్టుమిషన్‌ను పారేయబోతుంటే, ఆగమ్మా అని చెప్పి గంటలో నడిపించి ఇచ్చాను. నా చేతుల్ని చూసి యజమాని మర్నాడే కింద పనికి రమ్మన్నాడు; కొట్టులో పనిచేసినన్నాళ్లూ కొట్టు లైసెన్సే చాలట. మాంసం ముట్టని ఇంటి కోడలు తుపాకుల కొట్టులో ఉద్యోగానికి కుదిరిందని చెప్పుకోలేక, మా అత్తగారు ఊళ్లో అందరికీ ఇనప సామాన్ల షాపని చెప్పుకునేది. అదీ పూర్తిగా అబద్ధం కాదనుకోండి.

యజమాని మాట తక్కువ మనిషి. పని మాత్రం దగ్గరుండి నేర్పాడు. ముందు తూటా గదిని మూసే బోల్టు తీసి తుపాకి ఖాళీ అని నీ కళ్లతో నువ్వే చూసుకోవాలి. రింగుల కింది సగాలు బిగించి, వాటిలో స్కోపు పడుకోబెట్టి, గోడకు వేలాడే బరువు కట్టిన దారంతో స్కోపు లోపలి నిలువు గీత కలిసేదాకా తిప్పాలి. స్కోపు ముందరి అద్దానికీ తుపాకి గొట్టానికీ మధ్య కాగితం ముక్క తగలకుండా జారాలి. ఆ తర్వాత పై సగాలు పెట్టి, ఒక్క స్క్రూనే గట్టిగా బిగించేయకుండా, మూల నుంచి మూలకు కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోవాలి. మొదటి ఏడాది ఆయన పక్కన ఉంటేనే చేసేదాన్ని.

నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి రైఫిల్ ఒక పెద్దాయనది. ఊరవతల ఎస్టేటు అడవిలో జింకలు మితిమీరి లేతమొక్కల్ని తినేయకుండా వాటి సంఖ్య అదుపులో ఉంచడం ఆయన ఉద్యోగం. ఒంటిమనిషి, తోడుకో నల్లకుక్క. ఒక్క దెబ్బకే ప్రాణం పోవాలి, జంతువు బాధపడకూడదు అన్నది ఆయన పట్టుదల, అదే నియమంగా బతికాడు. చూపు కాస్త మందగిస్తోందని పెద్ద అద్దమున్న కొత్త స్కోపు కొనుక్కున్నాడు. రింగులు ఎంత ఎత్తుండాలో తేల్చడానికి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవమన్నాను. నాలా కొలతలు తీసి జాకెట్లు కుట్టే ఆడదానికి మనిషి వాటం చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయన కన్ను ఎక్కడ నిలిచిందో చూసి మధ్య రకం రింగులు తీశాను. యజమాని తలూపాడు. ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు.

రింగుల్ని స్పిరిట్‌తో తుడవమన్నాడు, తుడిచాను. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! నూనె చుక్క వేయనిదే ఇనుము మీద ఇనుము పెట్టకు తల్లీ అని మా నాన్న వెయ్యిసార్లు చెప్పిన మాట చేతికి అలవాటైపోయింది. పైగా ఈ దేశపు తేమకు తుప్పు పడుతుందేమోనన్న అతితెలివి ఒకటి. రింగుల లోపల సన్నగా మిషన్ నూనె రాసి బిగించేశాను. అక్కడ పొడిగా ఉండాలని యజమాని చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని ఆయనకు తోచి ఉండదు.

పరీక్షకు కాల్చిన నాలుగు దెబ్బలూ చక్కగా పడ్డాయి. రెండు వారాల తర్వాత పెద్దాయన వచ్చి రైఫిల్ సంచి బల్ల మీద పెట్టి, టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఒక ఆడజింకకు దెబ్బ తప్పి తగిలి, కుంటుకుంటూ పొదల్లోకి పోయిందట. కుక్కతో పగలంతా వెతికితే సాయంత్రానికి దొరికింది, అప్పటికింకా ప్రాణంతో ఉంది. రైఫిల్ కింద పడిందా అని యజమాని అడిగితే లేదన్నాడు. తప్పు తుపాకిది కాదు, నా కళ్లు పోయాయి, ఎస్టేటు వాళ్లకు పని మానేస్తున్నానని రేపు చెప్పేస్తాను, దీన్ని మీరే అమ్మిపెట్టండి అన్నాడు. రసీదు కోసం అక్కడే ఆగాడు.

అమ్మే ముందు స్కోపు విప్పమని యజమాని రైఫిల్ నా బల్ల మీద పెట్టాడు. పై సగాలు తీయగానే లోపల నూనె మెరిసింది. స్కోపు గొట్టం మీద రింగు అంచు పక్కన సన్నని కొత్త గీత. కాల్చినప్పుడల్లా తుపాకి తన్నే తన్నుకు, నూనె వల్ల పట్టు తప్పి, స్కోపు కొంచెం కొంచెం ముందుకు జారుతూ వచ్చింది. గుడ్డతో ఒక్కసారి తుడిచేస్తే ఎవరికీ తెలియదు. మా ఆయన కాంట్రాక్టు ఆ నెలలోనే పోయింది, ఇల్లు నడిచేది నా జీతంతోనే. గుడ్డ చేతిలోకి తీసుకున్నాను కూడా, మీ దగ్గర దాపరికమెందుకు. తల ఎత్తితే ఆ పెద్దాయన తన కుక్క మెడ నిమురుతూ కనిపించాడు.

గుడ్డ పక్కన పెట్టి, ఇద్దరినీ పిలిచి, రింగు లోపల వేలితో రాసి ఆ నూనె చూపించాను. మీ కళ్లకేం కాలేదు, ఇది నేను చేసిన తప్పు అన్నాను. యజమాని మొహం ఎర్రబడింది. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పెద్దాయన నా వేలు చూశాడు, గొట్టం మీది గీత చూశాడు. తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఇప్పుడు నా ఎదురుగా మళ్లీ బిగించమ్మా, ఈసారి పొడిగా, అన్నాడు. ఆయన చూస్తుండగా బిగించాను. మర్నాడు లక్ష్యం కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు; అయిదు రంధ్రాలూ అరచేతి కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి.

ఉద్యోగం పోలేదు, కానీ వారం పాటు యజమాని నాతో మాట్లాడలేదు. ఫోన్‌లో నాన్నకు చెబితే నూనె ఎక్కడ వెయ్యాలో చెప్పాను గానీ ఎక్కడ వెయ్యకూడదో చెప్పలేదు తల్లీ, ఆ మూగజీవి ఉసురు నాకూ కొంత తగులుద్ది అన్నాడు.

ఆ తర్వాత పెద్దాయన తన రైఫిల్‌ను నాకు తప్ప ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఒక శీతాకాలం మళ్లీ వచ్చి, అదే బల్ల మీద రైఫిల్ పెట్టి, ఇంకో జింకకు దెబ్బ తప్పిందని చెప్పి, రింగులు విప్పి చూడమ్మా అన్నాడు. ఈసారీ తప్పు నాదే అయితే బాగుండునన్న ఆశ ఆ మొహంలో కనిపించింది. విప్పాను. లోపల పొడిగా, శుభ్రంగా, నేను బిగించింది బిగించినట్టే ఉంది. గొట్టం మీద పాత గీత తప్ప ఇంకో గీత లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. ఇక చూడటానికేమీ మిగల్లేదు. రింగుల్లో ఏ తప్పూ లేదండీ అన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపి, నువ్వైతే నిజం చెబుతావనే వచ్చానమ్మా అని, టోపీ పెట్టుకుని కుక్కను పిలుచుకుని వెళ్లిపోయాడు.

యజమాని పోయాక కొట్టు మూతపడింది. ఇప్పుడక్కడ టేక్‌అవే, పొట్లాల తిండి కొట్టు, పెట్టారు. నా బల్ల ఉన్నచోట చిప్స్ వేగుతున్నాయి. స్క్రూ ఎంత బిగించాలో చెప్పే పనిముట్లొచ్చాయి, ఎక్కడ నూనె వేయకూడదో చూపించే వీడియోలొచ్చాయి, అవి అప్పుడే ఉంటే నేను ఆ తప్పు చేసేదాన్నే కాదు. ఈ అబ్బాయి రింగులు రేపో మాపో తిరిగి వెళతాయి, కొత్తవి వస్తాయి, వాటిని చేసినవాళ్ల మొహం వాడు చూడడు, వాడి మొహం వాళ్లూ చూడరు. మంచిదే, ఎవరికీ ఏ బాధా లేదు. నాకు మాత్రం ఆ శీతాకాలపు రోజు గుర్తొచ్చినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది: రెండోసారి విప్పినప్పుడు కూడా ఆ రింగుల్లో ఒక్క నూనె చుక్క కనబడి, తప్పు నాదేనండీ అని చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేదో.