మటనేలే, ఏ జీవం?

మా అమ్మకు జబ్బు తగ్గింది గానీ నోటికి రుచి రాలేదు. మందులు వాడినన్నాళ్ళూ ఏం పెట్టినా మట్టిలా ఉందనేది. మనిషి సగమైపోయింది. అలాంటిది ఒక శనివారం సాయంత్రం తనంతట తానే, "రేపు పొట్టేలు మాంసం తేరా, అల్లం ఎక్కువేసి వండించు. తినాలనుంది" అంది. ఇంట్లో అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

ఆదివారం పొద్దున్నే జగ్గయ్యపేట బజారుకు వెళ్ళాను. నేను కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. కొనేటప్పుడు ఏది కావాలో బయటపెట్టకూడదన్నది మా నాన్న నేర్పిన మొదటి పాఠం. మనకు అవసరమని తెలిసిందంటే అవతలివాడు ధర దిగడు. అందుకే పొట్టేలన్న మాట నోట్లోనే దాచుకున్నాను. ఒక మాంసం కొట్టు ముందు, దారినపోతూ ఊరికే ఆగినట్టు మొహం పెట్టి, మటన్ ఎలా ఇస్తున్నావని అడిగాను.

ఆ మాట వాడటం గొప్ప తెలివనుకున్నాను. మన బజార్లలో మటన్ అన్నాక పొట్టేలూ గొర్రే మేకపోతూ మేకా అన్నీ ఒకే కొక్కేనికి వేలాడతాయి. మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకంలో పొట్టేలుకు ర్యామ్, గొర్రెకు యూ, పిల్లకు ల్యాంబ్ అని వేరువేరు మాటలున్నాయి. వాటిని బడిలోనే వదిలేసి, చచ్చాక పెట్టే పేరొక్కటి బజారుకు తెచ్చుకున్నాం. కోడి మెడ తెగగానే చికెన్ అయిపోతుంది. పంది పోర్కయ్యాక అది తిరిగిన మురుగ్గుంట ఎవరికీ గుర్తుండదు. నాటుకోడి ఒక్కటే ఇంగ్లీషుకు లొంగలేదు, ఆ పేరు చెబితే జనం ఎక్కువిస్తారు కాబట్టి.

మగదో ఆడదో అడగక్కర్లేదనుకున్నాను. మా వైపు కొట్లలో తోలు తీశాక కూడా వట్టలు కోసెయ్యకుండా వేలాడనిస్తారు, పొట్టేలని కొనేవాళ్ళు నమ్మడానికి. ఇక్కడా వేలాడుతున్నాయి. ఒకదాని మీద నల్లటి మచ్చ కూడా ఉంది. కళ్ళారా చూసుకుని బేరం మొదలుపెట్టాను. కొట్టతను ఇట్టే దిగాడు. అంత తేలిగ్గా ఎందుకు దిగాడా అని అనుమానపడాల్సింది పోయి, నా నోటి చలవకు నేనే మురిసిపోయాను.

కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా ముక్క ఉడకలేదు. తడిసిన గొంగళి వాసనొకటి వంటింట్లోంచి వరండా దాకా వచ్చి కూర్చుంది. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇంకాస్త అల్లం దంచి వేసింది. కూర మీద పచ్చటి కొవ్వు తెట్టెలా పేరుకుంది. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కాసేపు నమిలి, చేతిలోకి తీసి కంచం అంచున పెట్టింది.

"ఏం తెచ్చావురా?"

"మటనమ్మా."

"మటనేలే. ఏ జీవం అని అడుగుతున్నా."

మా వైపు గొర్రెల్నీ మేకల్నీ జీవాలంటారు. ఆవిడ కంచం జరిపేసింది. కాసేపటికి తిన్న ఆ కాస్తా వాంతి చేసుకుంది.

మంగళవారం నందిగామలో సరుకు పనుండి బయల్దేరినవాణ్ణి, కడుపు మండి ముందు ఆ కొట్టుకే వెళ్ళాను. ముసలి గొర్రెను అంటగట్టావని గొడవకు దిగాను. అతను కత్తి ఆపలేదు.

"పొట్టేలు కావాలని మీరడిగారా అండి? మటన్ అడిగారు, మటన్ కొట్టిచ్చా."

మరి ఆ వేలాడేవేంటని కొక్కెం వైపు చెయ్యి చూపించి, ఆగిపోయాను. కొక్కేనికి కొత్త జీవం ఉంది. దాని తొడల మధ్య వేలాడుతున్న వాటి మీద అదే నల్లమచ్చ. ఎండి ముడుచుకుపోయి, ఈగలు ముసిరి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే పురికొసతో కట్టి ఉన్నాయి. మేం పొట్లాలు కట్టే పురికొసే అది, మా కొట్లో కొన్నదే అయ్యుంటుంది.

"ఆదివారం నుంచీ ఇవే కడుతున్నావా?"

"అవి అమ్మేవి కాదులెండి."

కొట్టు పక్క కాలవలో వాంతి చేసుకున్నాను. ఈలోగా నందిగామ బస్సు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని, వత్సవాయి వైపు మందల దగ్గరికెళ్ళి నా కళ్ళముందే కోయించి పొట్టేలు తెస్తానన్నాను. ఎంతడిగితే అంతిస్తానని కూడా అన్నాను.

"ఆ ఊసెత్తకురా. వాసన ఇంకా ముక్కులోనే ఉంది."

మరేం కావాలని అడిగితే ఏమీ వద్దంది. బతిమాలి మజ్జిగ ఇచ్చాను. సగం గ్లాసు తాగి, మట్టిలా ఉందని పక్కన పెట్టేసింది.