నోరు తెరిస్తే పాట

డాక్టరు మామయ్య పళ్ళు అందరివీ చూస్తాడు గాని, పాటలు మాత్రం ఎవరూ విననివే వింటాడు. ఎవరూ అంటే నిజంగా ఎవరూ. ఒక పాటను నలుగురూ పాడుకుంటున్నారంటే ఆయన దృష్టిలో దానికి పుచ్చు పట్టినట్టే. ఏ గ్యారేజీలోనో, ఏ మేడ మీది గదిలోనో ముగ్గురు కూడి గిటార్లు వాయించుకుని, కంపెనీ అండ ఏమీ లేకుండా సొంతంగా నెట్‌లో పెట్టుకున్న రాక్ పాటో పాప్ పాటో కావాలి ఆయనకి. పాట కింద ఎంతమంది విన్నారో చూపించే అంకె పదిలోపు ఉంటే ఇక ఆయన మొహం చూడాల్సిందే.

ఇలాంటి కొత్త పాటలు శుక్రవారం విడుదలవుతాయట. అందుకని శుక్రవారం క్లినిక్కి గంట ముందే వచ్చేవాడు. తాళాలు ముందు గదిలో కూర్చునే మేనకోడలి దగ్గర ఉండేవి కాబట్టి ఆమెకీ ఆ గంట తప్పేది కాదు.

"నలుగురే విన్నారమ్మాయ్!" అని లోపల్నుంచి కేక వేసేవాడు. "ఇంత భూమ్మీద, ఇంత జనంలో, నలుగురు! మనం అయిదోవాళ్ళం. నీకు ఒళ్ళు జలదరించటం లేదూ?"

ఆమెకి ఒళ్ళు జలదరించేది కాదు, ఆవలింత వచ్చేది. కాని పాట మొదలయ్యాక ఆయన్ని చూస్తే నిద్ర ఎగిరిపోయేది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, చివరి తీగ మోగటం ఆగేదాకా కదిలేవాడు కాదు. ఎక్స్‌రేలు కూడా అంత శ్రద్ధగా చూడడు. ఏ గొంతైనా మరీ నచ్చితే, "ఎక్కడున్నావు తల్లీ ఇన్నాళ్ళూ?" అని ఫోన్‌నే అడిగేవాడు. మనిషి ఇంతలా కూడా వినగలడా అని ఆమెకి ప్రతిసారీ ఆశ్చర్యమే.

అసలు చిక్కంతా పేషంట్లది. కుర్చీలో కూర్చోబెట్టి, రెండు బుగ్గల్లోనూ దూది కుక్కి, మనిషి మాట్లాడలేడని రూఢి అయ్యాక, "మీ ఫోన్ ఓసారి ఇలా ఇవ్వండి" అనేవాడు. అందులో ఆ పాట వెతికి, మోగించి, ఫోన్‌ని వాళ్ళ పొట్ట మీదే పెట్టి పని మొదలుపెట్టేవాడు.

"ఎలా ఉందండీ?"

"ఆ... ఆ..."

"అదీ! రసికులంటే మీరు."

ఒకసారి ఒక బ్యాంకు మేనేజరు ముందే చేతులు జోడించాడు. "డాక్టరుగారూ, నాకు పాటలొద్దండీ. మత్తిచ్చి పన్ను పీకెయ్యండి చాలు."

"మత్తు ఎక్కటానికి పది నిమిషాలు పడుతుందండీ. పది నిమిషాలంటే మూడు పాటలు."

రూట్ కెనాల్ చేయించుకునేవాళ్ళకైతే ఆల్బమ్ మొత్తం తప్పేది కాదు.

"మా అన్నయ్య పుట్టు పిసినారి" అనేది మేనకోడలి తల్లి. "తన ఫోన్ అరిగిపోతుందని ఊళ్ళోవాళ్ళ ఫోన్లలో వింటున్నాడు." మేనకోడలు కూడా అదే అనుకునేది. అంతకన్నా ఆమెకి నచ్చనిది ఇంకొకటుంది. ఆయన దగ్గర బ్యాండ్ల పేర్లు రాసుకునే నోట్‌బుక్ ఉండేది. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న పాటని వందమంది విన్నారని తెలియగానే, ఆ పేరు కొట్టేసేవాడు. "వందయ్యారు. ఇక వీళ్ళు మనవాళ్ళు కారు." ఆ తర్వాత ఆ పాట క్లినిక్కులో వినపడితే ఒట్టు. పక్కవాడు నాలుగు మెట్లు ఎక్కితే ఓర్వలేని గుణమేమో అని ఆమె లోలోపల బాధపడేది.

బాధపడటానికి ఆమెకి సొంత కారణం ఉంది. ఆ పిల్ల డ్రమ్ములు వాయిస్తుంది. గిటారు ఒక ఎలక్ట్రీషియన్‌ది, పాట ఒక లెక్కల టీచరుది. ముగ్గురూ కలిసి 'మూడో అంతస్తు' అని పేరు పెట్టుకుని 'లిఫ్టు రాదు' అనే పాట ఒకటి నెట్‌లో పెట్టారు. తెలిసినవాళ్ళని వినమని అడగకూడదు, తమ ఫోన్లలో తాము వినకూడదు అని ఒట్టు వేసుకున్నారు. నెలాఖరుకి వందమంది వినకపోతే డ్రమ్ములు అమ్మేసి ఎవరి పని వాళ్ళు చూసుకోవాలి. మామయ్యకి ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే చుట్టరికం కొద్దీ మెచ్చుకుంటాడు, ఆ మెప్పు ఆమెకి అక్కర్లేదు.

ఒక శుక్రవారం పొద్దున్నే లోపల్నుంచి కేక వినపడింది. "ఏడుగురు! ఏడుగురే అమ్మాయ్!"

ఆ వెంటనే డ్రమ్ములు మొదలయ్యాయి. అవి ఎవరి చేతులో తెలిసేసరికి ఆమె చేతిలోని పెన్ను రిజిస్టరులో పేజీ ఆ చివరిదాకా గీత గీసుకుంటూ పోయింది.

పాట అయ్యాక మామయ్య కళ్ళజోడు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. "ఆ డ్రమ్ములవాడు విన్నావా? రెండో నిమిషంలో వెయ్యాల్సిన దెబ్బ వెయ్యకుండా ఆగాడు. వెయ్యటం ఎవరైనా వేస్తారు. అక్కడ ఆగటానికి గుండె కావాలి."

"డ్రమ్ములవాడే అని ఎందుకు? ఆడపిల్ల అయ్యుండొచ్చుగా మామయ్యా?"

"ఆడపిల్లయితే ఆ తల్లికి ఒక దణ్ణం" అని నిజంగానే గాల్లోకి దణ్ణం పెట్టాడు.

ఆమె బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. అంత సంతోషం ఆమెకి ఎప్పుడూ కలగలేదు.

ఆ రోజు నుంచి అంకె పెరగసాగింది. ఇరవై, నలభై, డెబ్భై. లోకం తమని కనుక్కుందని ముగ్గురూ పొంగిపోయారు. క్లినిక్కుకి రోజూ వస్తున్న పేషంట్లకీ, పాట కింద రోజూ పెరుగుతున్న అంకెకీ సంబంధం ఉందేమోనని లెక్కల టీచరుకి కూడా తట్టలేదు. సంతోషంలో ఉన్నవాళ్ళు కూడికలు చేయరు.

నెల చివరి రోజు సాయంత్రానికి తొంభై తొమ్మిది. ఆఖరి పేషంటు ఒక రిటైరైన బస్సు డ్రైవరు. మామయ్య దూది కుక్కి, చెయ్యి చాపాడు. డ్రైవరు జేబులోంచి బటన్ల ఫోన్ తీసి ఇచ్చాడు. మామయ్య దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, నీరుకారిపోయి ముందు గదిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మాయ్, నీ ఫోన్ ఇలా ఇవ్వు."

"నా ఫోన్‌లో కుదరదు మామయ్యా. మీ ఫోన్‌లో వేసుకోండి."

"నాది మొదటిరోజే అయిపోయింది! ఒక ఫోన్‌లో వెయ్యిసార్లు విన్నా వాళ్ళకి లెక్క ఒక్కటే. లేకపోతే నాకేం సరదానా, ఊళ్ళోవాళ్ళ ఫోన్లు అడుక్కోవటం?"

దూది లేకుండానే ఆమె నోరు తెరుచుకుంది. "మరి వందవగానే కొట్టేస్తారే?"

"వందమందికి నచ్చితే నూటొకటో వాణ్ణి వాళ్ళే తీసుకొస్తారు. ఆ మొదటి వందే ఎవరూ తేరు తల్లీ. రాత్రి పాట పెట్టి పొద్దున లేచి చూసుకుంటే సున్నా. ఆ సున్నా చూసి ఎన్ని గిటార్లు అటకెక్కాయో!"

బల్ల మీద నోట్‌బుక్ తెరిచే ఉంది. ఆమె పేజీలు తిప్పింది. రెండు వందలకి పైగా పేర్లు, చివర ఒకటి రెండు తప్ప అన్నీ కొట్టివేతలే. ఇన్నాళ్ళూ అవి ఆయన విసిరేసినవాళ్ళ పేర్లనుకుంది. వాళ్ళలో ఒక్కరికీ ఈయన మొహం కూడా తెలియదు. ఆమెకి మామయ్య కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

"నా ఫోన్‌లో నిజంగా కుదరదు మామయ్యా" అంది మెల్లగా. "మాలో మేము వినకూడదని ఒట్టు. ఆ డ్రమ్ములు నావే. ఇవాళ వంద కాకపోతే రేపు అమ్మేస్తున్నాం."

మామయ్య ఆమె మొహం వంక చూశాడు, చేతుల వంక చూశాడు. గిర్రున తిరిగి, బెంచీ మీద కూర్చున్న డ్రైవరుగారి భార్య ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, కాస్త నోరు తెరవండి."

"నాకు పంటినొప్పి లేదండీ, మా ఆయనకి."

"అలవాటు కొద్దీ అన్నాను. మీ ఫోన్ ఇవ్వండి చాలు."

పాట మొదలైంది. ఆ క్లినిక్కులో నోరు మూసుకుని పాట వినే మనిషి దొరకటం అదే మొదటిసారి, పైగా ఆవిడ అభిప్రాయం చెప్పగలదు. మామయ్యకి చెమటలు పట్టాయి. లోపల డ్రైవరు దూదితోనే మెడ సాచి చూస్తున్నాడు. రెండో నిమిషం దగ్గర డ్రమ్ము ఆగింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

పాట అయిపోయింది. "అలా మధ్యలో ఆగితే ఎలాగమ్మా, నా ప్రాణం పోయినంత పనైంది" అంది ఆవిడ. "ఏదీ, ఇంకోసారి వెయ్యండి."

అంకె వంద చూపించింది. లోపల్నుంచి డ్రైవరు "ఆ! ఆ!" అని అరిచాడు. ఆ అరుపు పాట గురించా, పన్ను గురించా అని ఎవరూ అడగలేదు. మేనకోడలు ఏడుస్తూ నవ్వింది.

మామయ్య వెళ్ళి నోట్‌బుక్‌లో 'మూడో అంతస్తు' మీద ఠపీమని గీత కొట్టేశాడు. "వందయ్యారు. మేనకోడలివైతే మాత్రం! ఇక నువ్వు మనవాళ్ళలో లేవు" అన్నాడు ఖరాఖండీగా. నాలుగడుగులు లోపలికి వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"అవునూ, మీరు ప్రాక్టీసు చేసుకునేటప్పుడు వినటానికి ఎంతమంది వస్తారు?"

"ఎవరొస్తారు మామయ్యా? అది ఎలక్ట్రీషియన్‌గారి గోడౌను. వైర్ల చుట్టలు తప్ప ఏమీ ఉండవు."

"ఒక్కరూ రారా?" మామయ్య మొహం వెలిగిపోయింది. "అయితే ఆదివారం నాకో కుర్చీ వెయ్యి."