శేషగిరిని చంపింది నేనే

నా సంచి వెతకకుండ్రే! లేదంటే లేదు. మూడో ముక్క తేలేదు. ఆ చీర మడతలన్ని ఇప్పి చూసినా లేదు. అన్నా, నువ్వట్ల గుమ్మంల నిలబడి మీసాలల్ల నవ్వినా లేదు. సూర్యాపేట నుంచి బస్సుల ఒళ్లంత హూనం చేసుకొని పుట్టింటికి వస్తే, 'బాగున్నవా అనసూయా' అన్న మాట లేదు గాని 'మూడో ముక్క ఏది' అంటరా అందరు? ముందు చాయ పొయ్యుండ్రి. ఈసారి కోదాడల ఇంత చలేంది!

చెప్త, చెప్త. పోయిన నెల నేనొక మనిషిని చంపిన. దాని తర్వాత అయిన లొల్లిల ఆ మూడో ముక్క మా అత్తమ్మ సందుగ పెట్టెల పడ్డది. తాళంచెవి ఆమె బొడ్లె ఉన్నది. ఇగ మీరే చెప్పుండ్రి, ఎట్ల తెచ్చేది?

మొదటి నుంచి వినుండ్రి, అడ్డం రాకుండ్రి. అన్న బెజవాడ నుంచి నవల తెచ్చిండు గదా. పోయినేడు సర్కారు మారిన గడబిడల బస్సులే లేకుండె, ఈ చలికాలం మళ్ల తిరుగుతున్నయి గాబట్టి పుస్తకాలు కూడ వస్తున్నయి. తెచ్చింది ఒక్కటే పుస్తకం. చదివెటోళ్లం మూడు ఊర్లల్ల ఉన్నం. నేను, మిర్యాలగూడల మా చెల్లె రుక్మిణి ఒక్క పుస్తకానికి జుట్లు పట్టుకుంటమని అన్న ఏం చేసిండు? కుట్లు ఇప్పి మూడు ముక్కలు చేసిండు. ఒక్కో ముక్క ముందు మిర్యాలగూడకు పోవాలె, చెల్లె చదివినంక సూర్యాపేటకు నాకు రావాలె, నా దగ్గర అయినంక మళ్ల కోదాడకు, మీ చేతులకు. మోసుకొచ్చెటాయన చెల్లె మొగుడు. వడ్ల బేరానికి వారం వారం సూర్యాపేట అంగడికి వస్తడు, ఆయన సంచిల వడ్ల నమూనాల నడుమ మన నవల.

మా వాడకట్టుల తెలుగు చదవొచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా ఆయనకు కచేరిల ఉర్దూ గడగడ వస్తది గాని తెలుగు ముందట పెడితే ముక్కు గోక్కుంటడు. మా అత్తమ్మకైతే ఏ అక్షరం రాదు. మొదటి ముక్క నా చేతిల చూసిన దినమే హుకుం ఇచ్చింది. "మధ్యాహ్నం ఎండపొడకు ఒక్క గంట. పని ఆగొద్దు. నాకు ఇనవడేటట్టు సదువాలె. ఏమన్న తేడా వచ్చిందో, పుస్తకం పొయ్యిలకే."

ఆ గంట కోసం నేను ఏమైనా చేస్తనని అప్పుడే అనుకున్న. నవ్వకుండ్రి. పొద్దున లేచిన కాన్నుంచి పొయ్యి, పశువులు, గిన్నెలు, చాట. దినం మొత్తంల ఆ ఒక్క గంటనే నాది. మీకు దినమంత పుస్తకాలు దొరుకుతయి, మీకేం తెలుసు!

సరే. వాకిట్ల ఎండల కూసునేది. అత్తమ్మ వత్తులు చేసుకుంట, పక్కింటి ఈరమ్మ కందికాయలు ఒలుసుకుంట. నేను ఎర్రగుడ్డ ఇప్పి పుస్తకం తీసి చదివేది. శేషగిరి అని ఒకాయన, ఆయన పెండ్లాం విశాల. శేషగిరి బేరానికి పడవ ఎక్కవోతుంటే ఒడ్డున చలికి వణికే ముసలామె కనపడ్డది. తన కంబళి తీసి ఆమెకు కప్పి, తాను ఉత్త అంగితోని పడవ ఎక్కిండు. ఇగ అంతే! మా అత్తమ్మ ఆయనను దత్తు తీసుకున్నది. "కనలేదు, పెంచలేదు. అయినా ఆ ముసల్దానికి కంబళి కప్పిండు. మావోడున్నడు, నా కంబళి సినిగి మూడేండ్లాయె, కండ్ల వడ్డదా?" అని మా ఆయనను పట్టుకొని అడిగింది. పాపం ఆయన తెల్లారి పోయి కొత్త కంబళి తెచ్చిండు, ఏ శేషగిరి మూలాన తెచ్చిండో కూడ తెలవకుండ.

పడవ నది నడిమికి పోయింది. గాలి లేచింది. గాడ మొదటి ముక్క ఖతం!

అంగడి దినం చెల్లె మొగుడు వచ్చి మొదటి ముక్క తీసుకున్నడు, కోదాడ బస్సుల పంపెటందుకు. "రెండోది ఏదయ్యా?" అంటే తల గోక్కున్నడు. "మీ చెల్లె ఇయ్యలె. ఇంకోసారి సదువుతదట. గుంజుకోవోతే ఏడ్సింది. వచ్చే వారం తెస్త వదినే."

వచ్చే వారమా? వాకిట్ల అప్పటికే చాప పరిచి ఉన్నది. ఈరమ్మ చాట పట్టుకొని వచ్చింది. అత్తమ్మ కొత్త కంబళి కప్పుకొని గోడకు ఆనుకున్నది. "సదువు పిల్లా. గాలి లేసింది గద, ఏమాయె?"

లేదని చెప్తే ఏమైతుండె? వారం దినాలు ఆ గంట బంద్. ఒక్కసారి బంద్ అయితే మళ్ల మొదలైతదా? ఆ గంటల నాకు వేరే పని చెప్తది, అయిపోయినట్టే. నేను లోపలికి పోయిన. గూట్ల పంచాంగం ఉన్నది. దాన్నే ఎర్రగుడ్డల చుట్టుకొని వచ్చి కూసున్న. విప్పిన. గొంతు సవరించుకున్న.

ఈరమ్మకు అక్షరం రాదు గాని కండ్లు రెండూ సూదులే. "ఇయ్యాల పుస్తకం సిక్కినట్టున్నదేందే?"

"చలికి ముడుసుకున్నది," అన్న.

ఇగ నా నోటికొచ్చింది నేను చదువుడు మొదలు! మొదటి దినం మంచిగనే నడిచింది. పడవను ఎడమకు తిప్పిన. రెండో దినం కుడికి తిప్పిన. మూడో దినం తెరచాప చింపిన. ముందట తిథులు, వర్జ్యాలు కనపడుతుంటే శేషగిరి నోట్లె మాటలేం పుడతయి? మీరే చెప్పుండ్రి! నాలుగో దినం మళ్ల ఎడమకు తిప్పేసరికి ఈరమ్మ చాట పక్కకు పెట్టింది. "ఓ అన్సూయా, నా కందికాయలు ఒడిసినయి గని నీ ఏరు ఒడుస్తలేదేందే? ఇంకెన్ని దినాలు తిప్పుతవ్ ఆయన్ని?"

నాకు పట్టరాని కోపమొచ్చింది. కథ పుట్టించుడు ఎంత కష్టమో ఈమెకేం తెలుసు? పుట్టించలేక సగం చస్తున్నది నేను! ఆయన ఒడ్డుకు చేరితే మాట్లాడాలె, ఊరు రావాలె, ఊర్ల మనుషులు రావాలె, వాళ్లకు పేర్లు పెట్టాలె. ఇదంత నాతోని కాదు. పేజీ తిప్పిన, అమావాస్య వచ్చింది. పడవను బోల్తా కొట్టించిన. "శేషగిరి నీళ్లల్ల మునిగి ప్రాణం విడిచెను," అని చదివి పంచాంగం మూసిన.

మూస్తున్నప్పుడు హాయిగా ఉండె, నిజం చెప్తున్న. తల ఎత్తి చూస్తే ఈరమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది. అత్తమ్మ చేతిల వత్తి అట్లనే ఆగింది. ఆమె వత్తి కింద పెట్టి లేచింది. కంబళి తీసి పక్కకు పెట్టి, సీదా గోలెం దగ్గరికి పోయింది.

"అత్తమ్మా, ఏడికి?"

"ఏడికేంది? సావు కబురు ఇన్నంక తానం చెయ్యకుంట ఇంట్లకెట్ల పోతం?"

"అయ్యో, ఆయన మనకేమైతడని?"

"నెల దినాల సంది మన వాకిట్ల ఉన్నడు. ఏమి కాకపోతడా? ముందుగాల నువ్వు రా. కబురు తెచ్చినదానివి నువ్వేనాయె!"

పుష్యమాసం. నీడకున్న గోలెం. అందుల నీళ్లు ఎట్లుంటయో మీకు చెప్పాల్నా? కట్టుబట్టలతోని నిలబెట్టి నా నెత్తి మీద మూడు చెంబులు పోసింది. ఆ తర్వాత తాను పోసుకున్నది. ఈరమ్మ కూడ! గడగడ వణుక్కుంట ముగ్గురం నిలబడి ఉంటే మా ఆయన కచేరి నుంచి వచ్చిండు. మమ్మల్ని చూసి తల రుమాలు తీసి చేతిల పట్టుకున్నడు. "ఎవలు పోయిన్రు?"

"శేషగిరి," అన్నది అత్తమ్మ.

"ఏ శేషగిరి? మనకేమైతడు?"

"ఏమైతడో నాకు తెల్వది గని మంచోడు బిడ్డా. నీ కంబళి ఆయన పున్నెమే."

ఆయన నా దిక్కు చూసిండు. నేను గోడ దిక్కు చూసిన.

తెల్లారేసరికి అత్తమ్మకు జరమొచ్చింది. దగ్గు, పడిశం. నేను మిరియాల కషాయం కాస్తనే ఉన్న, తాపుతనే ఉన్న, లోపల్లోపల చస్తనే ఉన్న. ముసలి పాణం, నా నోటి మూలాన గిట్లైందే! చెప్పేద్దామని రెండు సార్లు నోరు తెరిచిన. తెరిస్తే ఆమె ఏమన్నదో తెలుసా? "ఆ విశాల ఎట్లున్నదో పాపం. నాకు జర తగ్గంగనే సదువు." ఇగ ఏం చెప్పాలె?

అంగడి దినం రెండో ముక్క వచ్చింది. వాకిట్లనే తీసి చూసిన. మొదటి పేజీల, మొదటి వరుసల, శేషగిరి కాళ్లు కడుక్కొని పీట మీద కూసున్నడు! పడవకేం కాలేదు, గాలి తగ్గింది, క్షేమంగ ఇల్లు చేరిండు. పచ్చిపులుసు పోసుకొని అన్నం తింటున్నడు!

మీరైతే ఏం చేస్తుంటిరో నాకు తెలవదు. నేను మాత్రం ఓడిపోయేదాన్ని కాదు. ఇంత దూరం వచ్చినంక వెనక్కి పోవుడా? శేషగిరికి ఒక తమ్మున్ని పుట్టించిన. పేరు వెంకటగిరి. కాశీకి పోయి ఇప్పుడే వచ్చిండని చెప్పి, పుస్తకంల శేషగిరి అని ఉన్న చోటల్ల వెంకటగిరి అని చదువుకుంట పోయిన. ఎంత తెలివి అనుకున్న! ఈ తెలివికి నేను కచేరిల ఉండాల్సినదాన్ని అనుకున్న!

పేజీ తిరిగింది. విశాల తలల పూలు పెట్టుకొని విస్తరి ముందట కూసున్నది. వెంకటగిరి ఆమె కండ్లు తుడిచిండు. గడ్డం పట్టుకొని 'నీ కోసమే బతికి వచ్చిన' అన్నడు. నోరు ఆపుదామంటే ఆగలే, కండ్లు ముందు పోతున్నయి, నోరు వెనక పోతున్నది.

"ఏందీ?" అన్నది ఈరమ్మ. "మరిది గడ్డం వట్టుకున్నడా?"

అత్తమ్మ దగ్గుకుంట లేచింది. "మొగుడు సచ్చి పది దినాలు గాలె, పూలు వెట్టుకున్నదా? గిసొంటిదాని కోసమా నేను జరం తెచ్చుకున్నది? ఇటు తే ఆ పుస్తకం. గోలెంల నీళ్లు పోసుకున్న నాకు అది వేడినీళ్లు బాకీ ఉన్నది. దీంతోనే కాగవెడత!"

చెయ్యి చాపింది. నేను పుస్తకాన్ని రెండు చేతులతోని ఎదకు అదుముకున్న. అన్న కుట్లు ఇప్పిన పుస్తకం, చెల్లె ఏడ్చి దాచుకున్న పుస్తకం, మీరంత ఎదురుచూస్తున్న పుస్తకం. నా గంట పోతే పోనీ, ఇది మాత్రం పొయ్యిల పడొద్దు!

"అత్తమ్మా, ఆగు! ఆమె మంచిదే! ఆమె మొగుడు బతికే ఉన్నడు. నేనే చంపిన!"

ఈరమ్మ చేతిల కందికాయ జారి కింద పడ్డది. అన్నీ చెప్పేసిన. రెండో ముక్క రాకపోవుడు, పంచాంగం, వెంకటగిరి, అన్నీ.

"ఎందుకు సంపినవ్?" అన్నది అత్తమ్మ.

"ఆయనతోని ఏం మాట్లాడించాల్నో తోచలే."

ఈరమ్మ పక్కున నవ్వింది. అత్తమ్మ నవ్వలే. చాప మీద కూసున్నది. పుస్తకం దిక్కు చూసుకుంట మెల్లగ అన్నది: "పంచాంగం ముంగట వెట్టుకొని మనిషిని సంపితివి. నాకు అక్షరం రాదనే గద పిల్లా!"

ఎంత తిట్టినా పడుతుంటిని. ఆ ఒక్క మాటకు మాత్రం నాకు తలెత్తబుద్ధి కాలే. సిగ్గయింది. నిజంగ ఏడుపొచ్చింది. కాళ్లు పట్టుకున్న. ఆమె కాళ్లు గుంజుకొని, "రేపటి సంది నాకు నేర్పు," అన్నది.

"ఏం నేర్పాలె?"

"సదువు. నీ నోటి మీద నాకు నమ్మకం లేదు."

అరవై ఏండ్ల మనిషి! ఊరికే అన్నదేమో అనుకున్న. తెల్లారి ఎండ వాకిట్లకు రాకముందే చాప పరుచుకొని, బొగ్గుముక్క చేతిల పట్టుకొని కూసున్నది. అ ఆలు మొదలు పెట్టవోతే చెయ్యి పట్టి ఆపింది. "అవి ఎన్కసీరి సూద్దాం. ముందుగాల శేషగిరి అని ఎట్ల రాస్తరో సూపెట్టు."

నాలుగు అక్షరాలు. ఎనిమిది దినాలు. వాకిలంత శేషగిరి! గోడ మీద శేషగిరి, గోలెం మీద శేషగిరి! మా ఆయన ఆ గోడ ముందట నిలబడి ముక్కు గోక్కుంటుంటే "రా బిడ్డా, నీకు గూడ నేర్పుత," అన్నది కొడుకుతోని. నాకు గంట కాదు ఇప్పుడు, రెండు గంటలు కూసోబెడుతున్నది. పనంత ఈరమ్మకు చెప్తున్నది.

మూడో ముక్క వచ్చిన దినం నా చేతికి రానియ్యలే. తానే తీసుకొని, ఆఖరి పేజీ తీసి, వరుస వరుసకు వేలు పెట్టుకుంట వెతికింది. ఎంత సేపో! ఒక్కసారి ఎగిరినంత పని చేసింది. "ఉన్నడే! శే, ష, గి, రి! ఆఖరు దాక ఉన్నడే నా కొడుకు!" అని కండ్ల నీళ్లు పెట్టుకున్నది. ఈరమ్మకు చూపెట్టింది, మా ఆయనకు చూపెట్టింది. సందుగల పెట్టి తాళం వేసింది. తాను మొత్తం చదివినంకనే ఎవరికైనా అన్నది.

ఇదీ సంగతి. ఇప్పుడు గుణింతాలల్ల ఉన్నది. గోడలు నిండినయి గాబట్టి, నా చిన్ననాటి పలక తీసుకరమ్మని నన్ను పంపింది. ఆ అటక మీద ఉంటది, చూడుండ్రి.

ఆఖరి పేజీల శేషగిరి పేరు పక్కన ఏమున్నదంటరా? బతికిండా, పోయిండా? ఆమెకు ఆ పేరు తప్ప ఇంకో మాట చదవరాదు. చదవొచ్చిన నాకు చూపెట్టదు. ఓ అన్నా, నువ్వు మొత్తం చదివినవని తెలుసు, అయినా నోరు తెరవకు, నీకు దండం పెడత! బస్సు ఎక్కేటప్పుడు అత్తమ్మ ఒట్టు పెట్టించుకున్నది. "మీ అన్నను అడిగి తెలుసుకున్నవో, ఈపాలి గోలెం మొత్తం నీ ఒక్కదాని నెత్తి మీదనే!"