తొమ్మిది పాయింట్ మూడు ఒకటి

మెల్విన్ అంత నెమ్మదస్థుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటి మా ఇద్దరినీ సిడ్నీ వచ్చి యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాదే ఫిజిక్స్ ల్యాబులో ఒకే బల్ల దగ్గర పడేశారు. అతనిది నరసాపురం. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో గది, స్కాలర్‌షిప్ మీద చదువు, శనివారం గోడౌన్‌లో పెట్టెలు మొయ్యడం, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించడం. నాది వరంగల్. పెండిల్ హిల్‌లో మరో ముగ్గురమ్మాయిలతో ఉండేదాన్ని.

ఆ వారం ప్రయోగం లోలకం. దారానికి కట్టిన ఇనుప గుండును ఊపి, ఇరవై ఊపులకు పట్టిన సమయాన్ని బట్టి గురుత్వ త్వరణం లెక్కగట్టాలి. దారం నేను కొలిచాను, స్టాప్‌వాచ్ అతను పట్టుకున్నాడు. రావలసింది తొమ్మిది పాయింట్ ఎనిమిది. మాకొచ్చింది తొమ్మిది పాయింట్ మూడు ఒకటి.

"నీ వేలే స్లో ఉందిరా బాబూ! బటన్ లేట్‌గ నొక్కుతున్నవ్," అని విరుచుకుపడ్డాను.

అతను గుండును మరో పదిసార్లు ఊపి చూశాడు. మళ్ళీ అంతే.

"ఇదే రాసేద్దాం స్నేహా. లెక్కల్లో అయితే ఎక్స్‌కి ఒకే విలువ ఉంటుంది. ఇక్కడ మనం కొలిస్తే ఏదొచ్చిందో అదే మన వాల్యూ. తేడా ఎందుకొచ్చిందో ఆలోచించి కింద రాద్దాం," అన్నాడు.

"పాగల్ అయినవా? మార్క్స్ కట్ చేస్తరు. రిపోర్ట్ నేను టైప్ చేస్త గానీ, నువ్వు షిఫ్ట్‌కి పో."

ఇంటికెళ్ళి, ఇంటర్‌లో మా కాలేజీలో అందరం చేసిందే చేశాను. ముందు జవాబు రాసుకోవడం, దాని నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు నింపడం. లోలకం ఊపకుండానే ముప్పైకి ముప్పై కొట్టేసినవాళ్ళం! అది అబద్ధమని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. మా చుట్టాల్లో నేను విలువలున్న పిల్లనని పేరు. ఎవరి పెన్నయినా పొరపాటున నా బ్యాగులోకి వస్తే తిరిగిచ్చేదాకా నాకు అన్నం సయించదు. అంకెలు మాత్రం ఏ జంకూ లేకుండా మార్చేశాను.

పది రోజులకు మెయిల్ వచ్చింది. రీడింగులు మరీ అచ్చుగుద్దినట్టు సరిపోయాయట, కల్పించారని అనుమానమట. రిపోర్టు మీద పేర్లు రెండు కాబట్టి ఇద్దరూ విచారణకు రావాలట. తప్పు తేలితే నాకు ఆ సబ్జెక్టు పోతుంది. మెల్విన్‌కు స్కాలర్‌షిప్పే పోతుంది. అది లేకపోతే ఫీజు కట్టే దిక్కులేదు, తిరుగు విమానం ఎక్కాల్సిందే.

అసలు రీడింగులు అతని నోట్‌బుక్కులో, అతని చేతిరాతలో ఉన్నాయి. తీసి చూపిస్తే చాలు, అతను బయటపడతాడు. విచారణ గదిలో మా ట్యూటర్ కరోలిన్ "ఈ అంకెలు ఎవరివి?" అని అడిగింది. మెల్విన్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని తలొంచుకు కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనిషి వీడు, నోట్లో నాలుక లేదా? ఆ మంట నా మీద నాకేనని అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. బ్యాగు లాక్కుని, నోట్‌బుక్కు తీసి ఆవిడ ముందు పెట్టాను.

"మార్చింది నేను. ఇతనికి తెలియదు," అన్నాను.

కరోలిన్ పేజీలు తిప్పింది. "దారం పొడవు గుండు మధ్య దాకా కొలిచారా, పై అంచు దాకానా?"

"పై అంచు దాకా. కొలిచింది నేనే."

ఆవిడ గుండు మందంలో సగం కలిపి మళ్ళీ లెక్కేసింది. తొమ్మిది పాయింట్ ఏడు ఎనిమిది! అతని వేలు సరిగ్గానే నొక్కింది, తప్పంతా నా స్కేలు దగ్గరే. వచ్చింది వచ్చినట్టు రాసి ఉంచాడు కాబట్టి అది దొరికింది. నా రిపోర్టులో వెయ్యేళ్ళు వెతికినా దొరికేది కాదు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాకు సబ్జెక్టు పోయింది. అతని స్కాలర్‌షిప్ నిలిచింది. బయట మెట్ల దగ్గర అతన్ని నిలేశాను.

"నోట్‌బుక్ ఎందుకు తియ్యలే?"

"నువ్వే చెప్తావనుకున్నాను."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముందిలే..." నవ్వబోయి ఆగాడు. "రాత్రే సూట్‌కేసు సర్దేశాను."

అక్కడే మెట్ల మీద కూలబడి భోరుమన్నాను. ఆ సాయంత్రం అతనితో పాటే బ్లాక్‌టౌన్ రైలెక్కి, ఆ సూట్‌కేసులో బట్టలన్నీ నా చేత్తోనే తీసి మళ్ళీ అల్మరాలో పెట్టి వచ్చాను.