మేస్త్రి కుట్టిన దిండు

మా సోఫాల షెడ్డులో మేస్త్రి అంటే ఒక్కడే. ఆడపిల్లగా పుట్టి, మగవాడిగా నిలదొక్కుకున్న మనిషి. ఆ సంగతి వాళ్ళావిడకీ, అత్తగారికీ, దూది నింపే నాకూ తెలుసు. వీధికి తెలియదు.

ఆసుపత్రిలో ఎన్నిసార్లు ప్రయత్నించినా కడుపు నిలవక వాళ్ళావిడ కుమిలిపోతుంటే, "ఏడవకు, నేను మోస్తాను" అన్నాడు. గడ్డం కోసం వేయించుకునే ఇంజెక్షన్లు మానేశాడు, ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు, మోశాడు. ఒక్కటే అడిగాడు: "పుట్టగానే నేనే కన్నానని అందరికీ చెబుదాం. నవ్వేవాళ్ళు నవ్వనీ. నా బిడ్డ దగ్గర నాకు దొంగబతుకు వద్దు." పక్కన నిలబడి తనూ చెబుతానని ఆవిడ అతని తల మీద చెయ్యిపెట్టి ఒట్టేసింది. నా ఎదురుగానే.

పొట్ట పెరిగాక వీధి కంటపడకుండా షెడ్డు వెనకగదిలోనే ఉంటూ కుట్టేవాడు. "ఏం మేస్త్రీ, సోఫా మింగావా?" అని నేను ఏడిపిస్తే, "నవ్వించకక్కా, లోపల తంతోంది" అనేవాడు. ఒకరోజు పెళ్ళాం నడుంనొప్పి అందని చిన్న దిండు కుట్టాడు. నేను దూది గట్టిగా కూరితే, మెత్తగా ఉండాలని మళ్ళీ తీయించాడు. పిచ్చి మారాజు!

ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇంటికొచ్చిన రోజు నేనూ వెళ్ళాను. మంచం మీద దుప్పటి కప్పుకుని వాళ్ళావిడ, పక్కన బిడ్డ, చుట్టూ వీధి ఆడవాళ్ళు.

"మొన్నటిదాకా నిండు కడుపుతో మెట్లెక్కి దిగావు. గట్టిదానివే తల్లీ!" అంది ఒకావిడ.

మహాతల్లి సిగ్గుపడింది! నాకు ఒళ్ళు మండిపోయింది. మేస్త్రి గుమ్మంలోనే పొట్ట పట్టుకుని నిలబడిపోయాడు.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం అబ్బాయీ? వచ్చినవాళ్ళకు కుర్చీలు వెయ్యి" అంది అత్తగారు. పచ్చికుట్ల మనిషిని!

కుర్చీల కోసం మేస్త్రి పక్కగదిలోకి వెళ్తే, సాయానికి నేనూ వెళ్ళాను. కుర్చీల వెనక ఆ దిండు పడి ఉంది. రెండు కొసలకూ నడుముకు కట్టుకునే నాడాలు. అవి మేస్త్రి కుట్టినవి కావు, వంకరటింకరగా ఉన్నాయి.

తెచ్చి మంచం మీద పెట్టాడు. "నీ దొంగకడుపును నాచేతే కుట్టించావా?"

"వీధిలో తలెత్తుకు తిరగాలి కదా..." అని ఆవిడ గొణిగింది.

"మరి నేను తిరగక్కర్లేదా?"

బిడ్డ ఏడ్చింది. మేస్త్రి చొక్కా గుండెల దగ్గర పాలతో తడిసింది. ఆడవాళ్ళు దిండునూ చొక్కానూ చూసి బుగ్గలు నొక్కుకున్నారు. అతను బిడ్డను ఎత్తుకున్నాడు.

"నేనే కన్నాను. దీని నాన్నను నేను."

ఆ మాట చెప్పే రోజు కోసం ఎంత ఆశపడ్డాడో! ఏడుస్తూ చెప్పాడు. పక్కన నిలబడి చెబుతానని ఒట్టేసిన మనిషి గోడవైపు తిరిగి పడుకుంది.