సుభద్ర ఆంటీ నిమ్మచెక్కల నీళ్లు

మొన్న గుర్‌గావ్‌లో ఒక మాల్‌లో మా ఆవిడ ఇల్లు తుడిచే మందు సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. ‘సహజమైన నిమ్మ’ అని దాని మీద కోట గోడ మీద శాసనమంత అక్షరాలున్నాయి. ఆ వాసనకు నిమ్మకాయతో ఉన్న చుట్టరికం, నాకు మొఘల్ చక్రవర్తులతో ఉన్నంత. అయినా కళ్లు చెమర్చాయి. “ఘాటుగా ఉందా?” అంది మా ఆవిడ. అవునన్నాను. సుభద్ర ఆంటీ సంగతి ఆ సీసాల వరసల మధ్య నిలబడి చెప్పేది కాదు.

మెట్రో కొత్తగా వచ్చిన రోజుల్లో, ఢిల్లీ ద్వారకలో ఒక మూడో అంతస్తు ఫ్లాట్‌లో ముగ్గురం బ్రహ్మచారులం ఉండేవాళ్లం. మా బాత్‌రూమ్ నాచును పురావస్తు శాఖవాళ్లు చూసి ఉంటే చుట్టూ కంచె వేసి టికెట్ పెట్టేవాళ్లు. ఎదురు ఫ్లాట్ సుభద్ర ఆంటీది. రాజమండ్రి మనిషి. ఆవిడ భర్త మూర్తి అంకుల్‌కు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఘాటు వాసనలు తగలకూడదని డాక్టరు చెప్పిన రోజే ఆంటీ ఇంట్లోని ఫినాయిలూ పౌడర్లూ సమస్తం పారేసి, వంటింటిని కార్ఖానాగా మార్చేసింది. గిన్నెలకు కుంకుడు రసం, సింకుకు వంటసోడా, కుళాయిలకు చింతపండు. నింబూపానీ బండి దగ్గర పిండేసిన నిమ్మచెక్కలు సంచుల కొద్దీ తెచ్చి, నేల తుడవడానికి బెల్లంనీళ్లలో మూడు నెలలు ఊరబెట్టేది. బాల్కనీలో అలాంటి సీసాలు నాలుగు వేలుండేవి. సరే, నలభై. రోజూ ప్రతి మూతా వదులు చేసి గాలి తియ్యాలి. లేకపోతే పేలిపోతాయి.

మెట్లు తుడిచే కమల ఆరున్నరకు ఫినాయిల్ బకెట్‌తో వచ్చేది. ఆంటీ ఐదున్నరకే లేచి, ఆ నిమ్మచెక్కల నీళ్లతో మూడంతస్తుల మెట్లూ తుడిచేసి, పైమెట్టు మీద సేనాపతిలా నిలబడేది. “సాఫ్ హై కమలా, దేఖో. ఫినాయిల్ నహీ!”

“మేరీ నౌకరీ ఖా జావోగీ ఆంటీజీ!” అని, తన ఉద్యోగం ఊడగొట్టేస్తోందని కమల గోలపెట్టేది.

తలుపు పక్కన కుర్చీలో కూర్చుని అంకుల్ ఆయాసపడుతూనే నవ్వేవారు. “మా ఆవిడ నాకోసం ఢిల్లీ అంతా కడిగేస్తోందయ్యా. ఇంక యమున ఒక్కటే మిగిలింది.”

ఇంటి ఓనరు చూడ్డానికి వస్తున్నానని ఫోన్ చేసిన ఆదివారం మాకు హఠాత్తుగా శుభ్రత మీద భక్తి పుట్టుకొచ్చింది. ఆసిడ్ సీసా తెచ్చి బాత్‌రూమ్ నాచు మీద పోశాం. అది చాలదని బ్లీచింగ్ పౌడర్ కూడా చల్లాం. గుప్పున పొగ లేచింది. దగ్గుకుంటూ, యుద్ధం గెలిచిన వీరుల్లా, తలుపులన్నీ బార్లా తెరిచాం. మా తలుపుకు ఎదురుగా ఎవరి తలుపుందో ముగ్గురు ఇంజనీర్లలో ఒక్కడికీ తట్టలేదు. పావుగంటలో అంకుల్‌ని కుర్చీతో సహా మేమే కిందికి మోశాం.

ఆయన ఆసుపత్రిలో ఉండగానే, మూడో రోజు సాయంత్రం ఆంటీ మా తలుపు కొట్టింది. చేతిలో కుంకుడు రసం గిన్నె, సోడా పొట్లం.

“తిట్టండి ఆంటీ,” అన్నాను.

“తిట్టడానికి ఊపిరుండాలి కదబ్బాయ్. ముందు ఆ బ్రష్షు తియ్యి.”

నాచు మీద సోడా చల్లించి, రసం పోయించి, అరగంట ఆగమంది. రెండు నిమిషాలకే నేను బ్రష్షు ఎత్తాను. “ఆగడం రాదురా మీకు. అంతా ఒక్క క్షణంలో తెల్లబడిపోవాలి,” అంది.

అంకుల్ ఇంటికొచ్చారు గానీ, తలుపు దాకా నడిచే ఓపిక ఆయనతో రాలేదు. దీపావళి వెళ్లాక పొగమంచు దిగింది. ఆంటీ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కేది. తెల్లారేసరికి అవి రైలింజను తుడిచినట్టు నల్లబడేవి. ఉతికి మళ్లీ కుక్కేది. ఒకరోజు ఆ గుడ్డ నా చేతిలో పెట్టి, “గచ్చంటే కడుగుతాను. ఈ గాలిని దేంతో కడగనబ్బాయ్?” అంది. ఆ వారంలోనే అంకుల్ పోయారు.

కర్మకాండలయ్యాక ఒక పొద్దున కమల బకెట్‌తో రెండో అంతస్తులోనే ఆగిపోయింది. ఆంటీ తలుపు తీసి, “ఆజావో కమలా. డాల్ దో ఫినాయిల్. అబ్ కిస్‌కో తక్లీఫ్?” అంది. ఇంకెవరికి ఇబ్బంది, పొయ్యి ఫినాయిల్ అని. కమల మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆంటీ ఏడవలేదు. సీసాలన్నీ తూములో ఒంపెయ్యడం మొదలుపెట్టింది. నేను ఒక్కొక్కటే అందిస్తూ, ఎలాగో అడిగేశాను. “మావల్లేనా ఆంటీ?”

కాదంటుందనుకున్నాను. అలాంటప్పుడు ఎవరైనా కాదనే అంటారు కదా. చేతిలోని సీసా ఖాళీ అయ్యేదాకా ఒంపి, “తెలీదబ్బాయ్. నాకూ తెలీదు,” అంది.

నెలాఖరుకు ఫ్లాట్ ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తరువాత నేను ఐదు ఇళ్లు మారాను. ఇప్పటికీ బాత్‌రూమ్ కడిగే ముందు, చేతిలో ఉన్నది ఉత్త ఉప్పూ నిమ్మరసమే అయినా, వెళ్లి ఎదురింటి బెల్లు కొడతాను. మీ ఇంట్లో ఆయాసమున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. పిచ్చివాణ్ని చూసినట్టు చూసి, లేరంటారు. తలుపు వేసుకుంటారు. నేను వెంటనే వెనక్కి రాలేను. మూసిన ఆ తలుపు ముందు కాసేపు అలాగే నిలబడతాను.